తిన్న రెండు గంటలకి

ముందే చెప్పుకుంటున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో నాకు సరిగ్గా తెలియదు. అంకెలు మాత్రం బాగానే రాస్తాను. మా ఆయన షుగర్ అంకెలు రెండు నెలలు ఒక నోటుబుక్కులో రాసింది నేనే. మాటలు ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి, భయంగా ఉంది. ఎక్కడైనా తికమకగా ఉంటే నా చదువు తక్కువని అనుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మేము ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉంటాం. రెండు గదులు, పైన రేకులు. మాకు పిల్లలు లేరు, ఇద్దరమే. నేను జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను. పొద్దున ఆరున్నరకి వెళ్ళి ఒంటిగంటకి ఇంటికి వస్తాను. మళ్ళీ ఐదింటికి వెళ్తాను. మా ఆయన సినిమా షూటింగుల్లో బట్టలు ఇస్త్రీ చేసేవాడు. ఇరవై రెండేళ్ళు అదే పని.

షూటింగులో ఇస్త్రీ అంటే మన వీధిలో బండి మీద చేసే ఇస్త్రీ లాంటిది కాదు. చెమటతో ముద్దయిన చొక్కా విప్పి ఇస్తారు, ఐదు నిమిషాల్లో మళ్ళీ కొత్తదానిలా కావాలి. ఎడమ చేత్తో వేడి బట్ట లాగి పట్టుకుని కుడి చేత్తో పెట్టె తోసేవాడు. ఎడమ చేతి వేళ్ళ కొసలు కాలీ కాలీ చెప్పు తోలులా గట్టిపడిపోయాయి. చొక్కా అందించేటప్పుడు మాత్రం కుడి చేత్తోనే అందించాలి. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఎడం చేత్తో ఇస్తే వాళ్ళ మేస్త్రి అందరి ముందూ తిట్టాడట. అప్పట్నించీ ఎవరికి ఏది ఇచ్చినా కుడి చెయ్యే. నాకు మంచినీళ్ళ గ్లాసు కూడా ఎడం చేత్తో ఇచ్చేవాడు కాదు.

షుగర్ వచ్చి ఏడేళ్ళయింది. మాత్రలు వేసుకుంటూ పని చేసుకునేవాడు. పోయినేడు చెప్పు వారు కోసుకుని కాలి బొటనవేలికి పుండు పడింది. అది మానలేదు. నల్లబడటం మొదలయ్యాక దగ్గర్లో ఉన్న క్లినిక్కుకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మాత్రలతో లాభం లేదని ఇన్సులిన్ సూది మొదలుపెట్టింది. పొద్దున పద్నాలుగు యూనిట్లు, సాయంత్రం పది.

"ఇంట్లో మిషన్ పెట్టుకుని చూసుకోవాలి. పొద్దున పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి ఒకసారి. ఏం తిన్నారో కూడా పక్కన రాయండి. తిన్నాక వచ్చే అంకె రెండు వందల లోపుకి రాకపోతే ఈ పుండు మానదు. వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను" అంది.

మా ఆయన నవ్వి, "నిలబడి చేసే పనమ్మా నాది" అన్నాడు. ఆమె నవ్వలేదు.

మిషన్ నేను పనిచేసే ఇంట్లో అమ్మగారు ఇచ్చారు. ఆవిడకీ షుగరే. కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చారు. ఎలా చూడాలో నన్ను ఎదురుగా నిలబెట్టి చూపించారు.

"రెండు గంటలంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నించి లెక్క. తినేసి, కబుర్లు చెప్పుకుని, కునుకు తీసి లేచాక కాదు. తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

"వేలి మధ్యలో గుచ్చకు, పక్కన గుచ్చు. నొప్పి తక్కువ."

అంతకుముందు ఆవిడ సింకు దగ్గరికెళ్ళి, వాసన సబ్బుతో చేతులు కడుక్కుని, తెల్ల తువ్వాలుతో తుడుచుకుని వచ్చారు. అది నేను చూశాను. ఆవిడ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఇంట్లో పేపరు ముట్టుకున్నా చెయ్యి కడుక్కుంటారు. ఇదీ వాళ్ళ శుభ్రమే అనుకున్నాను. మిషన్ పనిలో అదొక భాగమని నాకు తట్టలేదు.

మా పక్కింట్లో ఉండేది నాకన్నా చిన్నది. రోడ్డు మీద కోసిన పండ్ల బండి పెడుతుంది. మా ఆయన పనికి పోకుండా గోడకి ఆనుకుని కూర్చోవడం చూసి ఒకరోజు దానిమ్మ పండ్ల గోనెసంచి తెచ్చి ముందు పెట్టింది.

"అన్నా, ఊకె కూసుంటే కాలు ఇంకింత గుంజుతది. గివి ఒల్చిపెట్టు. కూసున్న కాడ పని."

"మగాణ్ణి పట్టుకుని దానిమ్మలు ఒలవమంటోంది చూడవే" అన్నాడు నాతో.

"షూటింగుల హీరోయిన్ చీరలకు ఇస్త్రీ చేసినప్పుడు మగోనివి కావా?" అంది ఆమె.

అప్పుడు ఎంత నవ్వాడో. మర్నాటి నుంచీ ఒలిచేవాడు. పొద్దున పదకొండుకి ఆమె సంచి పెట్టిపోయేది, నాలుగింటికి వచ్చి గింజలు తీసుకెళ్ళేది. గింజ చిట్లకుండా ఒలవడం మొదట్లో రాలేదు. రసం మణికట్టు దాకా కారేది. భుజం మీద తువ్వాలుతో తుడుచుకునేవాడు. వారానికి ఆ తువ్వాలు ఎర్రగా అయిపోయింది.

మిషన్‌తో చూసిన మొదటిరోజు చిన్న కప్పుతో కొలిచి అరకప్పు అన్నం పెట్టాను. బీరకాయ కూర, మజ్జిగ. నేను కొంచెంసేపు నడుం వాల్చాను. ఆయన మళ్ళీ దానిమ్మలు ముందేసుకున్నాడు. రెండు గంటలు కాగానే మిషన్ పట్టుకుని కూర్చున్నాను. కుడి చెయ్యి చాపాడు.

"ఎడమది ఇవ్వు. తినే చెయ్యి ఎందుకు గుచ్చడం" అన్నాను.

"అందులోంచి రక్తం వస్తుందా ఏంటి? అయినా ఎడం చెయ్యి ఇస్తారా ఎవరికైనా" అని తువ్వాలుతో కుడి చెయ్యి తుడుచుకుని ముందుకు పెట్టాడు.

మూడు వందల పద్దెనిమిది.

పొద్దున పరగడుపున నూట పన్నెండు. మధ్యాహ్నానికి ఇంత. అన్నం వల్లే అనుకున్నాను. మర్నాడు అన్నం మానేసి జొన్నరొట్టె ఒకటి పెట్టాను. రెండు వందల తొంభై ఆరు. ఆ మర్నాడు ఇడ్లీ రెండు. మూడు వందల నలభై. ఇలా ఏది పెడితే ఎంత వస్తుందో రాసుకుంటూ పోయాను. అరకప్పు అన్నం కన్నా ఇడ్లీ ఎక్కువా, రొట్టె తక్కువా అని రోజూ బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని. చివరికి ఒకరోజు అన్నమూ లేదు, రొట్టే లేదు. రెండు కోడిగుడ్లు, క్యాబేజీ వేపుడు. అంతే.

మూడు వందల నాలుగు.

అన్నం లేదు, రొట్టె లేదు, మరి చక్కెర ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన ముందు గిన్నెడు ఎర్రటి గింజలు నిగనిగలాడుతున్నాయి.

"తిన్నావా?" అన్నాను.

"ఏం తిన్నానే?"

"గింజలు."

"నీమీద ఒట్టు. ఒక్కటి నోట్లో వేసుకోలేదు."

"మరి ఈ అంకె ఎక్కడిది? నేను తింటే నీ రక్తంలోకి వచ్చిందా?"

"మిషనుకి ఏదో అయ్యుంటుంది."

"పొద్దున బాగా చూపించే మిషన్ మధ్యాహ్నానికే పాడైపోతుందా?"

ఆయన మిషన్ వంక చూశాడు, తన చేతుల వంక చూశాడు. ఆ చూసిన చూపు నాకు దొంగ చూపులా కనపడింది.

అప్పట్నించీ రోజూ ఇదే. రెండు గంటలు కాగానే గుచ్చడం, అంకె చూడడం, తిన్నావా అని అడగడం. పడుకున్నట్టు కళ్ళు మూసుకుని రెప్పల సందుల్లోంచి చూసేదాన్ని. చెయ్యి నోటి దగ్గరికి పోయిందంటే లేచి కూర్చునేదాన్ని. మీసం తుడుచుకున్నా అనుమానమే. ఒకసారి నోరు తెరిచి చూపించమన్నాను. తెరిచాడు. యాభై నాలుగేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నాలుక బయటపెట్టాడు. అందులో ఏమీ లేదు. మింగేసి ఉంటాడు అనుకున్నాను.

రెండో వారం క్లినిక్కుకి వెళ్ళాం. బయట బెంచీల మీద పది మంది ఉన్నారు, గది తలుపు తీసే ఉంది. డాక్టరమ్మ నా నోటుబుక్కు తిరగేసింది.

"ఫాస్టింగ్ ఇంత బాగుండి లంచ్ తర్వాత ఇలా ఎలా వస్తుంది? ఏం తింటున్నారండీ? నాకు చెప్పకపోయినా మీ ఆవిడకైనా నిజం చెప్పండి."

మా ఆయన తల దించుకున్నాడు. నేనే అన్నాను. "దానిమ్మ గింజలు తింటున్నాడమ్మా. చెప్తే వినడు. మీరైనా బుద్ధి చెప్పండి."

బెంచీ మీద ఎవరో నవ్వారు. డాక్టరమ్మ పొద్దున సూది ఇరవై చేసింది. ఇంకో వారం చూసి ఇరవై ఆరు చేసింది. మూడు నెలల షుగర్ ఒక్కసారే తెలిసే రక్తపరీక్ష ఒకటి చేయించుకు రమ్మని చీటీ కూడా రాసిచ్చింది. వచ్చే నెల చేయిద్దాంలే అనుకున్నాం. ఆ చీటీ ఇప్పటికీ నోటుబుక్కులోనే ఉంది.

ఇంటికి వచ్చేటప్పుడు ఎత్తు మీద కుంటుకుంటూ నా వెనక వచ్చాడు. మలుపు దగ్గర ఆగి, "అంతమందిలో దొంగని చేశావు కదే" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. వేలు పోతే ఎవరు చూస్తారు నిన్ను అని గొణుక్కుంటూ నడిచాను.

ఆ రోజు నుంచి తిండి తగ్గించేశాడు. అరకప్పు అన్నంలో సగం వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, "తింటే అంకె వస్తుంది, అంకె వస్తే నువ్వు అడుగుతావు" అనేవాడు. నాకు మనసులో సంతోషంగానే ఉంది, దారికి వస్తున్నాడని. ఒంటిగంటకి నేను ఇంటికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉండేది. చేతులు వణికేవి. పక్కింటామె కూడా అడిగింది.

"అక్కా, అన్న మొఖం గట్ల పాలిపోయిందేంది? పానం బాగలేదా?"

"రేకుల కింద ఉడికిపోతున్నాం కదా. ఎండ" అన్నాను.

ఆ రోజు మంగళవారం. పొద్దున ఇరవై ఆరు నేనే ఎక్కించి పనికి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చి అన్నం పెట్టాను. మూడు ముద్దలు తిన్నాడో లేదో, కంచం పక్కకి జరిపేశాడు. తినమని నేను బలవంతం చెయ్యలేదు. దానిమ్మలు ముందేసుకున్నాడు. నాకు నిజంగానే నిద్ర పట్టేసింది.

లేచి చూసేసరికి మూడున్నర దాటింది. గోడకి ఆనుకుని తల ఒక పక్కకి వాల్చేసి ఉన్నాడు. ఒళ్ళంతా నీళ్ళు పోసినట్టు చెమట. ఒళ్ళో గింజలు చెదిరిపోయి ఉన్నాయి. ఏమయ్యా అని కుదిపాను. కళ్ళు తెరిచాడు కానీ నన్ను చూడటం లేదు. తాగినవాడిలా ముద్దముద్దగా, "గుండీ... గుండీ ఊడింది" అంటున్నాడు.

మిషన్ తెచ్చాను. అలవాటు ప్రకారం కుడి చెయ్యి పట్టుకుని, తువ్వాలుతో వేలు తుడిచి, గుచ్చాను. రెండు వందల ఎనభై ఆరు.

చక్కెర ఎక్కువై కళ్ళు తిరిగాయి అనుకున్నాను. మూడు ముద్దలు తిని ఇంత వచ్చిందంటే నేను పడుకున్నప్పుడు గింజలు మెక్కాడు అనుకున్నాను. ఆ స్థితిలో ఉన్న మనిషిని చెంప మీద తట్టి, "ఎన్ని తిన్నావు, చెప్పు" అని అడిగాను. ఇది రాయకుండా ఉండొచ్చు. కానీ అడిగాను.

గింజల కోసం పక్కింటామె అప్పుడే వచ్చింది. చూసి లోపలికి పరిగెత్తి గ్లాసులో చక్కెర కలుపుకుని వచ్చింది.

"తాగియ్యక్కా జల్ది. మా అమ్మకు గిట్లనే అయితుండె. షుగర్ డౌన్ అయితె గిట్లనే చెమటలు పడతయి."

"వద్దు. మిషన్ చూడు. రెండు వందల ఎనభై ఆరు ఉంది. ఇంకా చక్కెర పోస్తే చచ్చిపోతాడు."

"జరంత తాగిపియ్యక్కా, ఏం కాదు."

"నీకు తెలియదు, జరుగు."

గ్లాసుని చేత్తో తోసేశాను. నీళ్ళు గడప మీద ఒలికిపోయాయి. అంకె నా చేతిలో ఉంది, ఆమె చేతిలో ఏమీ లేదు. ఐదో తరగతి చదివినదాన్ని, అంకెలు వచ్చినదాన్ని, ఆమెకి అవి కూడా రావు. అలాగే అనుకున్నాను.

ఆటో దొరికేసరికి కొంత, బంజారాహిల్స్ రోడ్డు మీద బండ్లు కదలక కొంత. హాస్పిటల్ చేరేసరికి ఐదు కావస్తోంది. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. పక్కింటామె ఆయన కాళ్ళు పట్టుకుంది, నేను తల పట్టుకున్నాను.

అక్కడ ఒక నర్సు కుడి చేతికి సెలైన్ పెట్టడానికి నరం వెతుకుతుంటే ఇంకో నర్సు ఎడమ చేతి వేలు గుచ్చింది. రక్తం రాలేదు. స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ గట్టిగా గుచ్చి పిండింది. మిషన్ చూసి డాక్టర్ని కేకేసింది. ఇరవై నాలుగు.

"అది తప్పమ్మా. ఇంట్లో రెండు వందల ఎనభై ఆరు ఉంది" అని నేను ఆమెతో గొడవపడ్డాను. నోటుబుక్కు తీసి చూపించబోయాను. వాళ్ళు నన్ను పక్కకి నెట్టి సెలైన్‌లో ఏదో మందు ఎక్కించారు. అది చక్కెరే అని తర్వాత తెలిసింది. నేను గడప మీద ఒలకబోసిన దానిలాంటిదే.

కాసేపటికి చిన్న వయసు డాక్టరు బయటికి వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. ఒక్కటే అడిగాడు.

"ఇంట్లో చూసేటప్పుడు సబ్బుతో చేతులు కడిగారా?"

"తువ్వాలుతో తుడిచాం సార్."

ఆ తువ్వాలు నా భుజం మీదే ఉంది. దాని వంక చూశాడు. "ఏం పని చేస్తారు ఆయన?" అన్నాడు. చెప్పాను. తల ఊపాడు. "వేలి మీద పండ్ల రసం ఉంటే మిషన్ దాన్ని కూడా లెక్కపెడుతుందమ్మా. రక్తంలో ఎంత ఉందో దానికి తెలియదు" అన్నాడు. తర్వాత మెదడు గురించి ఏదో చెప్పాడు. నాకు వినపడలేదు.

పక్కింటామె నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది.

"ఆయన తిన్నడని అనుకున్నవా అక్కా ఇన్ని దినాలు?"

నేను ఆ తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నన్ను అడిగితె చెప్తుంటి గద. పండ్లు తూకమేసే ఇస్త, గింజలు తూకమేసే తీసుకుంట. కిలో పండ్లకు ఎన్ని గింజలొస్తయో నాకెరుక. అన్న కాడ ఎన్నడు తక్కువ రాలే. ఒక్కనాడు రాలే."

మర్నాడు పొద్దున బట్టలు తేవడానికి ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. ఒలిచిన గింజలు నేల మీద అలాగే ఉన్నాయి, చీమలు పట్టి. నాకు షుగర్ లేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు కూడా. ఒక గింజ తీసి నా కుడి చూపుడువేలు మీద నలిపాను. ఆ తువ్వాలుతోనే, ఆయన తుడిచినట్టే తుడిచాను. గుచ్చాను.

మూడు వందల ముప్పై ఒకటి.

సబ్బుతో కడుక్కుని, ఆరనిచ్చి, అదే వేలు మళ్ళీ గుచ్చాను. ఎనభై ఎనిమిది.

నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చూశాను. ఇడ్లీ, జొన్నరొట్టె, అరకప్పు అన్నం, అన్నీ నా చేతి రాతే. ఒక్క అంకె కూడా ఆయన తిన్నది కాదు. ఆ అంకెల్ని పట్టుకునే సూది పెంచాం. నేనే ఎక్కించాను.

నాలుగో రోజు కళ్ళు తెరిచాడు. పదకొండో రోజు ఇంటికి పంపించారు. ఇది జరిగి ఐదు నెలలు. కాలి వేలు ఉంది. పుండు మానిపోయింది కూడా, చర్మం గులాబీ రంగులో వచ్చింది. డాక్టరమ్మ అది చూసి కాసేపు కాలు పట్టుకునే కూర్చుంది. మనిషి మాత్రం మునుపటి మనిషి కాదు. నడుస్తాడు, పట్టుకుంటే. తన చొక్కా గుండీలు తను పెట్టుకోలేడు. నన్ను గుర్తుపడతాడు కానీ పేరు రాదు. నేను పనికి వెళ్ళినప్పుడు పక్కింటామె మధ్యమధ్యలో వచ్చి చూసి పోతుంది. బండి దగ్గరికి మధ్యాహ్నం తర్వాతే వెళ్తోంది ఇప్పుడు. గ్లాసు సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఎత్తితే, "పోనియ్యక్కా" అంటుంది.

ఇప్పుడు మధ్యాహ్నం చూడటానికి ముందు ఆయన చేతులు సబ్బుతో కడిగి పొడిగుడ్డతో తుడుస్తాను. నావి కూడా కడుక్కుంటాను. నూట అరవై, నూట డెబ్భై వస్తోంది. సూది పన్నెండుకి దించారు. బస్తీలో మిషన్ ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పాను. ఒకామె పూలు కడుతుంది, ఒకాయన స్వీట్ షాపులో పని చేస్తాడు. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

ఇక మా ఆయనతో చెప్పడం. చాలాసార్లు చెప్పాను. పోయిన ఆదివారం కూడా అన్నం కలిపి నోట్లో పెడుతూ చెప్పాను.

"ఏమయ్యా, నువ్వు తినలేదు. నాకు తెలిసింది. నేనే తప్పుగా అనుకున్నాను."

నమలడం ఆపి నా వంక చూశాడు.

"ఏంటి?"

"దానిమ్మ గింజలు. నువ్వు తినలేదు."

కొంచెంసేపు ఆలోచించాడు. నుదురు ముడిపడింది. గుర్తొచ్చి తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండు.

"తినలేదా?" అన్నాడు. "సరే, అయితే పెట్టు" అని నోరు తెరిచాడు.

అన్నం ముద్దే పెట్టాను. దానిమ్మ అనుకునే తిన్నాడో ఏమో, తల ఊపాడు.

ఇది రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. కొన్ని మాటలు ఎలా రాయాలో తెలియక రెండు మూడు రకాలుగా రాసి చూసుకున్నాను, ఏది సరైనదో ఇప్పటికీ తెలియదు. చదివేవాళ్ళు తప్పుల దగ్గర ఆగిపోకుండా సర్దుకుని చదువుకోండి. పెద్ద మనసు చేసుకుని నన్ను మన్నించండి.